ఆకతాయి అక్షరాల వెనుక కొలతలు

పిల్లల పుస్తకాల అట్టల మీద, ఆటబొమ్మల పెట్టెల మీద, మొబైల్ ఆటల మొదటి తెరల మీద కనిపించే అక్షరాలకు ఒక పోలిక ఉంటుంది. అవి స్కేలు పెట్టి గీసినట్టు ఉండవు. ఒక అక్షరం కాస్త పైకి లేచి ఉంటుంది, పక్కది కొంచెం ఒరిగి ఉంటుంది, గీత ఒకచోట లావుగా మొదలై మరోచోట సన్నబడుతుంది. ఎవరో మందపాటి మార్కరు పట్టుకొని, తొందరేమీ లేకుండా, సరదాగా గీసినట్టు అనిపిస్తుంది. నిజానికి వాటిలో చాలా భాగం ఆ అట్ట కోసం ఎవరూ ప్రత్యేకంగా గీసినవి కావు. కంప్యూటరులో టైపు చేస్తే వచ్చినవి. చేతిగీతలా కనిపించే డిస్‌ప్లే ఫాంట్ల (శీర్షికల్లో పెద్దగా వాడే ఫాంట్ల) ఆకర్షణంతా ఈ చిన్న భ్రమలోనే ఉంది. ఆ భ్రమ నిలబడాలంటే వెనుక ఉండవలసిన కొలతలు మామూలు పుస్తకపు ఫాంటుకు కావలసిన వాటికంటే తక్కువేమీ కావు. కొన్ని విషయాల్లో ఎక్కువే.

చేతిరాత, లెటరింగ్, ఫాంటు అనే మూడూ వేరువేరు పనులు. చేతిరాతలో రాసేవారి ధ్యాస చెప్పదలచిన సంగతి మీద ఉంటుంది. అక్షరం దానంతట అదే పడుతుంది. లెటరింగ్‌లో ఒక మాటను ఒక చోటు కోసం బొమ్మలా గీస్తారు. ఏ అక్షరం పక్కన ఏది వస్తుందో గీసేవారికి ముందే తెలుసు కనుక ఒకదాని తోకను మరొకదాని కడుపులోకి దూర్చవచ్చు, చివరి అక్షరాన్ని కావలసినంత సాగదీయవచ్చు. ఫాంటు గీసేవారికి ఆ వెసులుబాటు లేదు. ఎవరు ఏ మాట టైపు చేస్తారో తెలియకుండానే ప్రతి అక్షరాన్నీ ఒంటరిగా గీసి, అది దేని పక్కన నిలబడినా ఇమిడేలా చూసుకోవాలి. అందుకే ఒక చక్కటి లెటరింగ్ నుంచి అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి ఫాంటుగా కూర్చితే తరచుగా ఫలితం నిరాశపరుస్తుంది. అసలు బొమ్మలో ఒకదాన్నొకటి ఆనుకొని నిలిచిన వంపులు విడిగా వచ్చేసరికి కారణం లేని వంకరలుగా మిగిలిపోతాయి.

సీసపు అచ్చు కాలంలో ఈ పని ఎంత చిక్కుగా ఉండేదో మిస్ట్రాల్ అనే ఫాంటు చూపిస్తుంది. రోజర్ ఎక్స్‌కోఫాన్ తన సొంత చేతిరాతను ఆధారంగా తీసుకొని గీసిన ఈ ఫాంటును ఫ్రాన్సులోని ఫోండ్రీ ఒలీవ్ సంస్థ 1953లో విడుదల చేసింది. ఒక్కో అక్షరం ఒక్కో లోహపు దిమ్మగా ఉండే ఆ పద్ధతిలో కలిపిరాత భ్రమ రావాలంటే, ఒక దిమ్మ కుడి అంచున ముగిసే గీత, పక్కన ఏ దిమ్మ వచ్చి కూర్చున్నా, దాని ఎడమ అంచున మొదలయ్యే గీతతో అతుక్కోవాలి. అంటే ఎంత విచ్చలవిడిగా కనిపించినా, చిన్న అక్షరాలన్నిటికీ అతుకు పడే ఎత్తు ముందే నిర్ణయమై ఉండాలి. చేతిగీత ఫాంట్లలో ఈనాటికీ వర్తించే సూత్రం ఇదే: స్వేచ్ఛగా కనిపించవలసిన భాగం ఏదో, కట్టుబడి ఉండవలసిన భాగం ఏదో మొదటి అక్షరం గీయకముందే తేల్చుకోవాలి.

కంప్యూటర్ల కాలం వచ్చాక ఈ రకం ఫాంట్లు వెల్లువలా పెరిగాయి. 1980ల చివర వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ చింగ్ నక్షాల మీది చేతి అక్షరాల ఆధారంగా డేవిడ్ సీగల్ అడోబీ సంస్థకు టెక్టన్ గీశారు. అయితే సరదా ఫాంటు అనగానే ప్రపంచమంతటా ముందుగా తలపుకు వచ్చే పేరు కామిక్ శాన్స్. దాని కథను కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని మీద వచ్చిన నిందలో సగం అసలు దానికి చెందినది కాదు.

1994లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న విన్సెంట్ కొనేర్ ముందుకు బాబ్ అనే ఒక సాఫ్ట్‌వేర్ తొలి ప్రతి వచ్చింది. కంప్యూటరు కొత్తవారికి బెరుకు పోగొట్టడానికి ఉద్దేశించిన ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక కార్టూన్ కుక్క మాటల బుడగల ద్వారా సూచనలు చెబుతుంది. ఆ బుడగల్లోని అక్షరాలు దినపత్రిక కోసం పుట్టిన టైమ్స్ న్యూ రోమన్ ఫాంటులో ఉన్నాయి. కార్టూన్ కుక్క దినపత్రిక అక్షరాలతో మాట్లాడటం కొనేర్‌కు ఎబ్బెట్టుగా తోచింది. కామిక్ పుస్తకాల్లోని చేతి అక్షరాలను ముందు పెట్టుకొని, కంప్యూటరు తెరమీదే మౌసుతో కొత్త అక్షరాలు గీశారు. బాబ్‌లోని పేజీల అమరిక అప్పటికే టైమ్స్ కొలతలకు తగ్గట్టు స్థిరపడి ఉండటంతో ఈ ఫాంటు అందులోకి ఎక్కలేదు. తరువాత పిల్లల కోసం చేసిన త్రీడీ మూవీ మేకర్‌లోకీ, విండోస్ 95 అదనపు ప్యాక్‌లోకీ చేరింది. అక్కడి నుంచి చాలా కంప్యూటర్లలో ఉచితంగా దొరికే సరదా ఫాంటుగా, దుకాణం బోర్డుల నుంచి ఆఫీసు హెచ్చరికల దాకా పాకింది.

ఆకారపరంగా కామిక్ శాన్స్‌లో లోపాలు లేకపోలేదు. గీత మందం అంతటా దాదాపు ఒకేలా ఉండటం వల్ల, ఆ గీతలు కూడలిలో కలిసేచోట నల్లగా గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. కానీ అది పుట్టిన చోట, అంటే తక్కువ స్పష్టత గల ఆనాటి తెరమీద, చిన్న బుడగలో, రెండు వాక్యాల పొడవున, చేయవలసిన పని చక్కగానే చేసింది. 2012 జులై 4న హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణం కనిపించిందని ఐరోపా కణ పరిశోధన కేంద్రం సెర్న్‌లో ప్రకటించినప్పుడు, అట్లాస్ ప్రయోగం తరఫున ఫాబియోలా జియానోట్టి చూపిన స్లైడ్లు కామిక్ శాన్స్‌లో ఉన్నాయి. అంతటి శాస్త్రవార్త మధ్యలోనూ జనం ఫాంటు గురించి మాట్లాడుకున్నారు. ఫాంటు గొంతుకూ విషయం గొంతుకూ పొత్తు కుదరనప్పుడు చదివేవారి దృష్టి విషయం మీది నుంచి అక్షరాల మీదికి జారుతుందనడానికి అంతకంటే పెద్ద వేదిక దొరకదు. మొదట కొనేర్‌ను కదిలించిన అసంతృప్తి కూడా సరిగ్గా ఇదే కావడం ఈ కథలోని తమాషా.

ఇక అక్షరాల లోపలికి వెళ్తే, సరదా అనే భావం కొన్ని గుర్తించదగిన మార్పుల వల్ల పుడుతుంది. అక్షరాలు ఆధారరేఖ మీద సమంగా కూర్చోకుండా కొంచెం పైకీ కిందికీ ఊగడం, నిలువు గీతలు అటో ఇటో ఒరగడం, చివరలు కోసినట్టు కాకుండా గుండ్రంగా ముగియడం, లోపలి ఖాళీలు ఒకదానిలో పెద్దవిగా, మరొకదానిలో చిన్నవిగా ఉండటం, అక్షరం బరువు కింది భాగంలోకి దిగినట్టు కనిపించడం వాటిలో ముఖ్యమైనవి. ఇందులో ప్రతిదానికీ ఒక మోతాదు ఉంటుంది, ఆ మోతాదు అంకెల్లో చెప్పదగినది. చాలా ఫాంట్లను వెయ్యి యూనిట్ల ఎత్తున్న చదరంలో గీస్తారు. ఒక అక్షరాన్ని ఆధారరేఖ నుంచి 40 యూనిట్లు పైకి జరిపారనుకుందాం. 72 పాయింట్ల శీర్షికలో ఆ జరుగుడు 2.88 పాయింట్లు, అంటే సుమారు ఒక మిల్లీమీటరు అవుతుంది. కన్ను దాన్ని వెంటనే పట్టుకొని గెంతుగా అర్థం చేసుకుంటుంది. అదే ఫాంటును 12 పాయింట్లకు తగ్గిస్తే ఆ జరుగుడు అర పాయింటుకు కూడా చేరదు. మిల్లీమీటరులో ఆరో వంతు. గెంతుగా కనిపించేంత పెద్దదీ కాదు, కనిపించకుండా పోయేంత చిన్నదీ కాదు. అచ్చు సరిగా పడలేదేమో, తెర ఏదో పాడైందేమో అన్న అనుమానం మాత్రం కలిగిస్తుంది. ఇలాంటి ఫాంట్లను డిస్‌ప్లే ఫాంట్లు అని వేరుచేసి, శీర్షికలకే వాడమనడానికి అసలు కారణం ఇక్కడ ఉంది. ఇందులో అభిరుచి కంటే లెక్క పాలే ఎక్కువ.

అన్నీ ఒకేసారి ఊగితే ఫాంటు నిలవదు. ప్రార్థన వరుసలో నిలబడ్డ చిన్నపిల్లలు ఒక్కొక్కరూ ఏదో రకంగా కదులుతూనే ఉన్నా వరుస వరుసలాగే కనిపించినట్టు, అక్షరాలు విడివిడిగా ఎంత అల్లరి చేసినా పంక్తి మొత్తానికి ఒక సమమైన నలుపు ఉండాలి. దీన్ని కాపాడేవి ముఖ్యంగా రెండు: గీత సగటు మందం, అక్షరాల మధ్య ఖాళీ. ఒకే మార్కరుతో గీసినట్టు కనిపించాలంటే మందంలోని హెచ్చుతగ్గులు చేయి ఒత్తిడిని బట్టి వచ్చినట్టు ఉండాలే తప్ప, ఒక అక్షరానికి ఒక కలం, పక్కదానికి మరో కలం వాడినట్టు ఉండకూడదు. ఇక ఖాళీల విషయంలో ఔత్సాహికులు తరచుగా పొరబడతారు. ఆకారాలు ఎలాగూ వంకరగా ఉన్నాయి కనుక ఖాళీలు కూడా ఎలా ఉన్నా సరిపోతుందని వదిలేస్తారు. నిజానికి ఆకారాలు క్రమం తప్పిన చోట ఖాళీలు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మాటను మాటగా పట్టి ఉంచడానికి అక్కడ మిగిలిన ఆధారం అదొక్కటే. వంకర అక్షరాల జతలకు కెర్నింగ్ (జతలోని రెండు అక్షరాల మధ్య దూరాన్ని సరిచేయడం) చేయడం నిటారు అక్షరాల జతలకు చేయడం కంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటుంది.

భ్రమను అన్నిటికంటే తొందరగా బయటపెట్టేది మాత్రం పునరావృతి. ఇంగ్లీషులో బెలూన్ అనే మాటను రాస్తే రెండు ఎల్‌లు, రెండు ఓలు పక్కపక్కనే వస్తాయి. చేత్తో రాసినవారి రెండు ఓలు ఎన్నడూ అచ్చు గుద్దినట్టు ఉండవు. ఒకటి మూసుకుంటే మరొకటి కొంచెం తెరుచుకొని ఉంటుంది. ఫాంటులో ఆ రెండూ ఒకే వంకరతో, ఒకేచోట అదే చిన్న నొక్కుతో కవలల్లా నిలబడితే, చేతిగీత అన్న నమ్మకం అక్కడికక్కడే పోతుంది. విచిత్రమేమంటే, తీర్చిదిద్దిన మామూలు ఫాంటులో ఈ పోలిక ఎవరికీ అడ్డు రాదు. అక్షరానికి ఎంత ప్రత్యేకమైన వంకర ఉంటే, అది రెండోసారి కనిపించినప్పుడు అంత తేలికగా పట్టుబడుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారాలు వెతకడం పాత సంగతే. 1990 ప్రాంతంలో ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్, జస్ట్ వాన్ రోసమ్ కలిసి చేసిన బేవుల్ఫ్ ఫాంటులో, అక్షరం అచ్చయిన ప్రతిసారీ దాని అంచుల్లోని బిందువులు యాదృచ్ఛికంగా అటూ ఇటూ జరిగేవి. ప్రింటరే లెక్క వేసి ప్రతి అక్షరాన్నీ కొత్తగా గీసేది. ఆలోచన అద్భుతమే కాని, అది ఆనాటి ప్రింటర్ల భాష మీద ఆధారపడినది. కంప్యూటర్ల పద్ధతులు మారాక ఆ ఆట సాగలేదు. ఇప్పుడు సాధారణంగా అనుసరించే మార్గం వేరు. మైక్రోసాఫ్ట్, అడోబీ 1996లో ప్రకటించిన ఓపెన్‌టైప్ పద్ధతిలో ఒకే అక్షరానికి రెండు, మూడు రూపాలను ముందే గీసి ఫాంటులో పెట్టి, చుట్టూ ఉన్న అక్షరాలను బట్టి ఏ రూపం రావాలో నియమాలు రాయవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే కేవియట్ ఇలాంటిదే: మాటలో అక్షరం పడే చోటును బట్టి దాని రూపం కొద్దిగా మారుతుంది.

నియమం రాయడంలోనూ మెలకువ కావాలి. రెండు రూపాలు గీసి, ఒకటి విడిచి ఒకటి వచ్చేలా అమరిస్తే చాలని మొదట తోస్తుంది. బెలూన్ అన్న ఇంగ్లీషు మాటకు అది చాలు కూడా. కానీ తెలుగులో కిలకిల అన్న మాటను ఆ నియమంతో టైపు చేసి చూస్తే లోపం బయటపడుతుంది. మొదటి కి ఒకటో రూపంలో, ల రెండో రూపంలో, మళ్లీ కి ఒకటో రూపంలో, మళ్లీ ల రెండో రూపంలో వస్తాయి. మాటే రెండేసి అక్షరాలకు ఒకసారి తిరిగి మొదలవుతున్నప్పుడు రూపాలు కూడా రెండింటికి ఒకసారి తిరిగితే ఫలితం మారదు. మాటలోని రెండో సగం మొదటి సగానికి నకలుగానే మిగులుతుంది. గలగల, మిలమిల, టపటప, చకచక అన్నీ ఇదే కోవకు చెందుతాయి. పిల్లల పుస్తకాల్లోనూ, బొమ్మల కథల్లోనూ, అంటే ఈ ఫాంట్లు ఎక్కువగా వాడే చోటనే, ఇలాంటి జంట మాటలు ఎక్కువ కావడం గమనించదగినది. మూడు రూపాలు పెట్టి వరుసగా తిప్పితే కి ఒకటో రూపంలో ఒకసారి, మూడో రూపంలో మరోసారి వస్తుంది. ల రెండో రూపంలో ఒకసారి, ఒకటో రూపంలో మరోసారి వస్తుంది. నాలుగూ వేరవుతాయి. అంతకంటే మేలైన నియమం, స్థానాన్ని లెక్కపెట్టకుండా, కొద్ది అక్షరాల వెనుక ఇదే అక్షరం వచ్చిందా అని చూసి, వస్తే రూపం మార్చేది.

అయితే మూడు రూపాలు అనగానే పని మూడింతలవుతుంది, తెలుగు లాంటి లిపిలో ఆ బరువు మామూలుది కాదు. ఇంగ్లీషుకు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు కలిపి వందలోపు ఆకారాలతో ఒక ప్రాథమిక ఫాంటు తయారవుతుంది. తెలుగులో హల్లులకు గుణింతపు గుర్తులు కలిసినప్పుడు ఏర్పడే రూపాలు, ఒత్తులు అన్నీ కలిపితే ఆకారాలు వందల్లోకి వెళ్తాయి. కి అన్న అక్షరంలో క తలకట్టు తొలగి దాని స్థానంలో గుడి వచ్చి అతుక్కుంటుంది. లలో అసలు తలకట్టే లేదు కనుక లి అన్నప్పుడు గుడి అతుకు వేరేచోట పడుతుంది. ఈ అతుకులన్నీ ఒకే చేయి గీసినట్టు రావాలంటే, గుడిని ఒకసారి గీసి అన్నిటి మీదా అతికించడం కుదరదు; కనీసం కొన్నిటికి విడిగా గీయాలి. సరదా తెలుగు ఫాంట్లు అక్కరకు తగినన్ని లేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అనేక భారతీయ లిపులకు ఒకే స్వభావం గల డిస్‌ప్లే ఫాంటుగా ఎక్‌టైప్ బృందం చేసిన బాలూ కుటుంబంలో తెలుగుకు బాలూ తమ్ముడు ఉంది. దాని లావుపాటి గుండ్రని గీతలు ఉల్లాసంగానే ఉంటాయి కాని, అది చేతిగీత భ్రమను కోరని, తీర్చిదిద్దిన ఫాంటు.

తెలుగు లిపిలో ఆకతాయితనానికి మరికొన్ని హద్దులు ఉన్నాయి. ద అడుగున ఒక చిన్న గీత చేరితే ధ అవుతుంది, లోపల చుక్క కూడా చేరితే థ అవుతుంది. ప, వ, ష, మ ఒకదానికొకటి చాలా దగ్గరి ఆకారాలు. అడ్డు ఎక్కడ మూసుకుంది, లోపల గీత ఉందా, కుడివైపు తోక ఎటు తిరిగింది అన్న చిన్న తేడాలే వాటిని వేరు చేస్తాయి. కాబట్టి ఇక్కడ చుక్కలనూ, చిన్న గీతలనూ అలంకారంగా వాడే వీలు లేదు. లాటిన్ అక్షరాలకు సరదాగా లోపల చుక్కలు పెట్టే అలవాటును తెలుగులోకి తెస్తే చదివేవారికి కొత్త అక్షరం కనిపిస్తుంది. ఆధారరేఖ ఊగే విషయంలోనూ తేడా ఉంది. అసలు అక్షరం కిందికి దిగితే దాని ఒత్తు కూడా దిగాలి, గుడి కూడా దానితోపాటు కదలాలి. అక్షరం మొత్తం ఒకే ముక్కగా ఊగితేనే అది ఆటగా కనిపిస్తుంది. అలా దిగిన ఒత్తు కింది పంక్తిలో పైకి లేచిన గుడిని తగలకుండా పంక్తుల మధ్య దూరం పెంచాలి. రెండు పంక్తుల శీర్షిక పెట్టేటప్పుడు మామూలు ఫాంటు దూరాన్నే ఉంచేస్తే, స్త్ర వంటి రెండొత్తుల అక్షరం వచ్చిన వెంటనే గుద్దుకోవడం ఖాయం.

ఊగే మోతాదును ఫాంటు గీసినవారే నిర్ణయించి ఊరుకోనక్కరలేదన్న ఆలోచన ఇటీవలి కాలంలో బలపడింది. 2016లో వచ్చిన వేరియబుల్ ఫాంట్ల పద్ధతిలో ఒకే ఫైలులో ఒక కొస నుంచి మరో కొస దాకా రూపం క్రమంగా మారేలా అక్షాలు, అంటే వాడేవారు జరుపుకోగల మీటల్లాంటివి, పెట్టవచ్చు. చిత్రకారిణి షాంటెల్ మార్టిన్ చేతిరాత ఆధారంగా 2023లో వచ్చిన షాంటెల్ శాన్స్‌లో మందం, వాలు అనే మామూలు అక్షాలతోపాటు, గెంతుకు ఒకటి, విచ్చలవిడితనానికి ఒకటి, ఖాళీలకు ఒకటి వేరుగా ఉన్నాయి. ఫలితంగా ఒకే కుటుంబాన్ని శీర్షికలో పూర్తిగా గెంతించి, దాని కింది పేరాలో గెంతు సున్నాకు తెచ్చి వాడవచ్చు. ఇంతకు ముందు రెండు ఫాంట్లు వెతికి జోడించవలసిన పని ఇది. అల్లరిని ఒక మీటగా చేసి వాడేవారి చేతికి ఇవ్వడం ఈ రంగంలో ఇటీవల వచ్చిన మార్పులన్నిటిలో విలువైనదని చెప్పవచ్చు.

తయారీలో ఒక సాంకేతిక విషయం వాడేవారికీ తెలిసి ఉండటం మంచిది. కాగితం మీద గీసిన అక్షరాన్ని స్కాన్ చేసి, వక్రరేఖలుగా మార్చి ఫాంటులో పెడతారు. చక్కగా చేస్తే ఒక సున్నా బయటి అంచుకు పైన, కింద, కుడి, ఎడమ చివరల్లో నాలుగు బిందువులు సరిపోతాయి. యంత్రానికి వదిలేస్తే అదే సున్నాకు పదులకొద్దీ బిందువులు పడతాయి; కాగితం గరుకు కూడా గీతలోని వంకరగా నమోదవుతుంది. క్రేయాన్, సుద్ద గీతల్లా పొడిపొడిగా కనిపించే ఫాంట్లలో ఒక్క అక్షరానికే వేల బిందువులు ఉండవచ్చు. అచ్చులో వీటి వల్ల పెద్ద నష్టం లేదు. కాని వెబ్ పేజీలో ఫైలు బరువెక్కుతుంది. స్టిక్కర్లు కోసే యంత్రం ప్రతి పొడి రేణువు చుట్టూ బ్లేడు తిప్పడానికి ప్రయత్నిస్తుంది. బట్ట మీద కుట్టుపనికి ఇస్తే దారం ముడులు పడుతుంది. అట్ట మీదా, స్టిక్కరు మీదా, టీ షర్టు మీదా ఒకే అక్షరాలు రావలసిన పనికి నున్నని అంచులున్న ఫాంటు ఎంచుకోవడమే తెలివైన పని.

వాడకంలో మొదటి నిర్ణయం ఈ గొంతు ఎంతసేపు వినిపించాలన్నది. సరదా ఫాంటు ఒక మాటను, మహా అయితే ఒక వాక్యాన్ని మోయగలదు. పుస్తకం పేరు, ప్యాకెట్టు మీద ఒక పిలుపు, పోస్టరులో పెద్ద మాట, ఆటలో ఒక దశ పూర్తయినప్పుడు వచ్చే శభాష్, కామిక్‌లో ఒక చప్పుడు దాని సహజ స్థానాలు. దాని కింద వచ్చే వివరాలన్నీ నిదానమైన మరో ఫాంటులో ఉండాలి. ఆ తోడు ఫాంటును ఎంచుకునేటప్పుడు కూడా కొంచెం సరదాగా ఉండేదాన్నే తీసుకోవాలన్న తొందర కలుగుతుంది. అదే పెద్ద పొరబాటు. సగం అల్లరి ఫాంటు పూర్తి అల్లరి ఫాంటు పక్కన నిలబడితే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. ఏ అలంకారమూ లేని, సమమైన మందం గల ఫాంటు పక్కన ఉన్నప్పుడే చేతిగీత చేతిగీతలా కనిపిస్తుంది. రెండు సరదా ఫాంట్లను ఒకే పేజీలో వాడవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు.

ఇలాంటి ఫాంట్లకు డిజైను సాఫ్ట్‌వేర్లు చేసే హాని కూడా తక్కువేమీ కాదు. బోల్డ్ రూపం లేని ఫాంటుకు బోల్డ్ మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ అంచులను గుడ్డిగా ఉబ్బిస్తుంది. ముందే చిన్నవిగా ఉన్న లోపలి ఖాళీలు పూడిపోతాయి. కలిపిరాత ఫాంటులో అక్షరాల మధ్య దూరం పెంచితే అతుకులు తెగి, గీతలు గాలిలో వేలాడతాయి. ఊగే అక్షరాలను వంపు దారి మీద పెట్టి, దానికి నీడ కూడా వేస్తే, గెంతు ఎక్కడిదో వంపు ఎక్కడిదో తెలియని గందరగోళం మిగులుతుంది. ఫాంటులోనే కావలసినంత కదలిక ఉన్నప్పుడు చుట్టూ ఉన్నవన్నీ కదలకుండా ఉండాలి.

చదవడానికి వీలుండటం గురించి రెండు మాటలు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండటానికి ప్రమాణంగా తీసుకునే డబ్ల్యూక్యాగ్ (WCAG) నియమాల్లో మామూలు పాఠానికి అక్షరానికీ నేపథ్యానికీ మధ్య 4.5కు 1 వెలుగు తేడా, 18 పాయింట్లు, అంతకంటే పెద్ద పాఠానికి 3కు 1 తేడా ఉండాలి. పెద్ద అక్షరానికి సడలింపు ఇవ్వడంలోని ఊహ, అక్షరం పెద్దదైతే గీత కూడా లావవుతుందన్నది. అమాటిక్ ఎస్‌సి వంటి సన్నని, ఇరుకైన చేతిగీత ఫాంట్లు ఆ ఊహను తలకిందులు చేస్తాయి. 24 పాయింట్లలో పెట్టినా వాటి గీత దారంలా ఉంటుంది. లేత రంగు వేస్తే నియమం ప్రకారం సరిపోయినా కంటికి ఆనదు. కాబట్టి సన్నని గీత ఫాంటుకు, పరిమాణం ఎంత ఉన్నా, చిన్న పాఠానికి వర్తించే తేడానే పాటించడం మేలు. మరోవైపు, సరదా ఫాంట్లన్నీ చదవడానికి కష్టమన్న మాట కూడా నిజం కాదు. అక్షరాలు చదవడంలో ఇబ్బంది (డిస్‌లెక్సియా) ఉన్నవారి కోసం పనిచేసే బ్రిటిష్ డిస్‌లెక్సియా అసోసియేషన్ సూచించిన ఫాంట్లలో ఏరియల్, వర్దానా వంటి వాటితోపాటు కామిక్ శాన్స్ కూడా ఉంది. బడిలో పిల్లలు రాయడం నేర్చుకునే, పైన కొక్కెం లేని ఒక అంతస్తు ఎ (a) రూపం అందులో ఉండటం మొదలుపెట్టి చదివేవారికి అనుకూలించే అంశం.

ఈ గొంతు అసలు వినిపించకూడని చోట్లను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మందు మోతాదు, ప్రమాద హెచ్చరిక, ఒప్పందపు షరతు, సంతాప ప్రకటన వంటివి ఎవరికైనా తడతాయి. తక్కువగా తట్టేది మరొకటి ఉంది. డబ్బు పోయినప్పుడో, దాచుకున్న ఫైలు చెరిగిపోయినప్పుడో యాప్ చూపే సందేశంలో, మిగతా తెరలన్నిటి కోసం ఎంచుకున్న సరదా ఫాంటే వస్తే, అది చదివేవారికి వెటకారంలా వినిపిస్తుంది. యాప్ మొత్తానికి ఒకే శీర్షిక ఫాంటు అని నియమం పెట్టుకునేవారు ఇలాంటి సందేశాలకు ముందే మినహాయింపు రాసిపెట్టుకోవాలి.

లైసెన్సు విషయం క్లుప్తంగా చెబితే సరిపోతుంది. ఉచితంగా దొరికే సరదా ఫాంట్లలో చాలా వాటికి సొంత వాడకానికి మాత్రమే అనుమతి ఉంటుంది. అమ్మకపు సరుకు మీద వేయాలంటే డబ్బు చెల్లించాలి. ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవాటిని వ్యాపారానికీ వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఫాంటు ఫైలును దానికదే సరుకుగా అమ్మడం మాత్రం కుదరదు.

చివరగా లోగోల సంగతి. సరదా ఫాంటుతో మాట టైపు చేసి అదే లోగో అనుకోవడం మామూలైంది, కాని అదే ఫాంటు ఎవరికైనా దొరుకుతుంది కనుక రేపు మరొకరి లోగో కూడా అచ్చం అలాగే ఉంటుంది. మాటను వక్రరేఖలుగా మార్చి, లైసెన్సు ఒప్పుకున్నంత మేరకు, రెండుసార్లు వచ్చిన అక్షరాల్లో ఒకదాన్ని తిరగగీయాలి. పక్కపక్క అక్షరాలు ఒకదానిలోకి ఒకటి ఒదిగే వీలున్నచోట ఒదిగించాలి, మొదటి అక్షరం ఎత్తునూ చివరి అక్షరం తోకనూ ఆ మాటకు తగినట్టు సవరించాలి. ఏ మాట వస్తుందో తెలియక ఫాంటు గీసినవారు వదిలేసిన పని ఇదే. మాట తెలిసినవారు దాన్ని ఒక పూటలో పూర్తి చేయగలరు.